వచ్చేసింది సార్

పదో తరగతికి కాంతి పాఠం చెప్పి నాలుగు రోజులైంది. మర్నాడు స్లిప్ టెస్టు. సాయంత్రం స్టడీ అవర్లో వేపచెట్టు కింద కూర్చుని చదువుతున్న ఒక కుర్రాడు నన్ను చూడగానే పుస్తకం మూసి, ‘వచ్చేసింది సార్’ అన్నాడు. గంటసేపు తల ఎత్తకుండా చదివాడు, నేను చూస్తూనే ఉన్నాను. పక్కన పడి ఉన్న పుల్ల తీసుకుని నేల మీద ఒక పుటాకార దర్పణం గీశాను. ధ్రువానికీ నాభికీ మధ్యలో ఒక వస్తువు పెట్టి, ‘ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుందో గీయరా’ అన్నాను. మొదటి కిరణం సరిగ్గానే గీశాడు. రెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. కాసేపు ఆ మట్టినే చూసి, ‘ఇందాకే వచ్చింది సార్’ అన్నాడు.

వాడు అబద్ధం చెప్పలేదు. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ వచ్చినట్టే ఉంది. మన భాషలో ఈ ‘రావడం’ అనే మాట ఎంత సరిగ్గా కుదిరిందో నాకు ఆ సాయంత్రం తట్టింది. ఈత వచ్చు, వంట వచ్చు, ఎక్కాలు వచ్చు, ఇంగ్లీషు రాదు అంటాం. పద్యం నోటికి వచ్చింది అంటాం. పిలిస్తే రావాలన్న షరతు ఆ మాటలోనే ఉంది. నీళ్లలో దిగాక రాని ఈతను ఎవరూ ఈత అనరు. పుస్తకం ముందు కూర్చున్న పిల్లలకు మాత్రం చదువును పిలిచి చూసే అవసరమే పడదు, అది ఎదురుగా అచ్చులో కనిపిస్తూనే ఉంటుంది. రోజూ వీధిలో ఎదురయ్యే మనిషిని చూడగానే గుర్తుపడతాం. ఆ మనిషి లేనప్పుడు ముఖం గీయమంటే పెన్సిలు కదలదు. గుర్తుపట్టడం, గుర్తుతెచ్చుకోవడం వేర్వేరు పనులు. మొదటిది జరిగినప్పుడు రెండోది కూడా జరిగిపోయిందని మనసు నమ్మేస్తుంది.

పిల్లలు తమంతట తాము నేర్చుకునేవాళ్లుగా ఎదగాలని తల్లిదండ్రులూ కోరుకుంటారు, టీచర్లూ కోరుకుంటారు. అందుకు ఏం కావాలని అడిగితే పట్టుదల, క్రమశిక్షణ, గోడకు అంటించిన టైంటేబులు అంటారు. అవన్నీ కావలసినవే. కానీ వాటికంటే ముందు, తనకు ఏది వచ్చిందో, ఏది రాలేదో తానే పసిగట్టగలగాలి. ఆ చూపు లేని పిల్లకు ఎంత స్వేచ్ఛ ఇచ్చినా వచ్చినదాన్నే ఇష్టంగా మళ్లీ చదువుతుంది, రానిదాన్ని తెలియకుండానే దాటేస్తుంది. తన ఆలోచనను తానే గమనించుకునే ఈ శక్తికి అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ ఫ్లావెల్ 1970లలో మెటాకాగ్నిషన్ అని పేరు పెట్టాడు. ఈ అధ్యాయం ఆ ఒక్క శక్తి గురించే.

స్వయంగా నేర్చుకోవడం అనగానే మనకు గుర్తొచ్చేది ఏకలవ్యుడు. మట్టి బొమ్మను ఎదురుగా పెట్టుకుని అంత విద్య నేర్చాడంటే శ్రద్ధ అలాంటిది అంటాం. శ్రద్ధ సంగతి నిజమే, కానీ కథలో మరో సంగతి కూడా ఉంది. విలువిద్యలో గురి కళ్ల ముందే ఉంటుంది. బాణం తగిలిందో లేదో చెప్పడానికి గురువు అక్కర్లేదు. తప్పిన ప్రతి బాణమూ ఎంత దూరంలో, ఏ పక్కకు తప్పిందో చూపిస్తుంది, తరవాతి బాణం ఆ మేరకు సర్దుకుంటుంది. మట్టిబొమ్మ చేయలేని పనిని ఆ అడవిలో గురే చేసింది. కిరణజన్య సంయోగక్రియ పాఠానికి అలాంటి గురి లేదు. చదివిన పిల్ల వదిలిన బాణం ఎక్కడ పడిందో ఆమెకు కనిపించదు. పరీక్ష పేపరు దిద్ది చేతికొచ్చే వేళకు అసలు బాణం వదిలిన సంగతే మరిచిపోతుంది. గురిని తానే నిలబెట్టుకోవడం నేర్పకుండా ఏకలవ్యుణ్ణి ఆదర్శంగా చూపిస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే.

ఆ గురి ఎలా నిలబెట్టాలో చూపించిన ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే ప్రచురించినది. ఇద్దరూ అప్పుడు అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ఉన్నారు. విద్యార్థులకు చిన్న చిన్న వ్యాసాలు ఇచ్చారు. ఒకటి సూర్యుడి గురించి, ఒకటి సముద్రపు నీటికుక్కల గురించి. మొత్తం నాలుగు విడతలు, చదివే విడత ఒక్కోటి ఐదు నిమిషాలు. ఒక జట్టు నాలుగు విడతలూ చదువుతూనే కూర్చుంది. ఆ ఇరవై నిమిషాల్లో వాళ్లు వ్యాసాన్ని సగటున 14 సార్లు చదివారు. ఇంకో జట్టు ఒక్క విడతే చదివింది, అంటే మూడు సార్లకు కాస్త ఎక్కువ. మిగిలిన మూడు విడతల్లో వాళ్ల ముందు పుస్తకం లేదు, తెల్ల కాగితం ఉంది. గుర్తున్నంత రాయమన్నారు. తప్పొప్పులు ఎవరూ దిద్దలేదు, మార్కులు ఎవరూ వేయలేదు.

ఐదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే చదువుతూ కూర్చున్నవాళ్లదే పైచేయి. వాళ్లకు 83 శాతం గుర్తుంది, కాగితం మీద రాసినవాళ్లకు 71 శాతం. అక్కడితో ప్రయోగం ఆపేసి ఉంటే మన తాతల కాలం నాటి సలహాయే గెలిచేది. వాళ్లు ఆపలేదు. వారం తరవాత పిలిచి పరీక్ష పెడితే 14 సార్లు చదివినవాళ్లకు 40 శాతం మిగిలింది, మూడుసార్లు చదివి మూడుసార్లు గుర్తుతెచ్చుకున్నవాళ్లకు 61 శాతం మిగిలింది. వారం తరవాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగినప్పుడు ఎక్కువ ధీమాగా చెప్పింది మాత్రం 14 సార్లు చదివినవాళ్లే! ఆ ధీమా దగ్గర పాఠకుడు కాసేపు ఆగాలని నా కోరిక. తక్కువ నిలిచిన చదువే లోపల ఎక్కువ నమ్మకాన్ని పుట్టించింది. ఒక వాక్యాన్ని ఐదోసారి చదివినప్పుడు కళ్లు ఎక్కడా తట్టుకోకుండా జారిపోతాయి. ఆ నునుపునే మనం జ్ఞానం అనుకుంటాం. తెల్ల కాగితం ముందు కూర్చున్నవాడికి ప్రతి వాక్యం దగ్గరా తడబాటే. ఆ తడబాటే అతనికి ఏది రాలేదో చూపిస్తుంది, పైగా వచ్చినదాన్ని గట్టిపరుస్తుంది. పిలిచిన కొద్దీ దారి పడుతుంది.

మరచిపోవడం ఎంత వేగంగా జరుగుతుందో మొదట కొలిచినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హాస్. 1885లో ఆయన వేసిన పుస్తకంలో ప్రయోగం చేసిందీ, చేయించుకున్నదీ ఆయనొక్కడే. అర్థం లేని అక్షరాల గుంపులను కంఠతా పట్టి, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ ఆదా అవుతుందో లెక్కగట్టాడు. గంట గడిచేసరికి ఆదా 44 శాతానికి పడిపోయింది. ఒక రోజుకు 34 శాతం. ఆ తరవాత జారుడు నెమ్మదించి, నెల గడిచినా 21 శాతం దగ్గర నిలిచింది. కూలేదాంట్లో చాలా భాగం మొదటి రోజే కూలిపోతుంది. పాఠం విన్న సాయంత్రమో, మర్నాడో ఒకసారి పిలిచి చూడమనడం వెనక ఉన్న కారణం ఇదే. తెలిసిందీ తెలియనిదీ తన మీద తానే కొలుచుకున్న ఆ మనిషిని నేను పిల్లలకు స్వయంగా నేర్చుకునేవాడి నమూనాగా చూపిస్తుంటాను.

ఇప్పటి పిల్లలకు నునుపు మరింత పెరిగింది. సెల్‌ఫోన్లో ఒక మంచి టీచరు తొమ్మిది నిమిషాల్లో ఓమ్ నియమం చెబుతుంటే చూడటం హాయిగా ఉంటుంది. ఆ హాయి కూడా ‘వచ్చేసింది’ అనిపిస్తుంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం తరగతుల మీద జరిపిన ఒక పరిశీలన 2019లో వెలువడింది. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లు ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. తామే తంటాలుపడి లెక్కలు చేసినవాళ్లు తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. పరీక్ష పెడితే ఫలితం తిరగబడింది. వీడియోలు వద్దని నేను అనను. మారుమూల ఊళ్లో లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉన్న బడి పిల్లకు అదే దిక్కు. చూసిన వెంటనే ఫోను బోర్లించి, విన్నది కాగితం మీద పెట్టమంటాను.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, మన బడుల్లో పరీక్షలకేం తక్కువ మాస్టారూ అని. నిజమే. స్లిప్ టెస్టులు, వీక్లీ టెస్టులు, గ్రాండ్ టెస్టులు. ఇన్ని పరీక్షలు రాసే మన పిల్లలు రోడిగర్, కార్పికేల ప్రయోగం ప్రకారం ప్రపంచంలోకెల్లా తమ చదువును బాగా ఎరిగినవాళ్లు కావాలి. ఎందుకు కావడం లేదు? ఆ పరీక్షలన్నిటిలో ఏ ప్రశ్న అడగాలో, ఎప్పుడు అడగాలో, జవాబు సరైనదో కాదో, తరవాత ఏం చదవాలో ప్రతిదీ మరొకరు నిర్ణయిస్తారు. పిల్లల చేతిలో మిగిలేది కలం ఒక్కటే. పేపరు తిరిగొచ్చాక వాళ్లు చూసేది కుడివైపు పైనున్న అంకెను, పక్కవాడి అంకెను. తప్పు ఎక్కడ జరిగిందో చూసేలోపు మరో టెస్టు వస్తుంది. పరీక్ష తూకపు రాయిగా మారిపోయింది.

తెల్లవారుజామున నిద్రలేపి రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టే హాస్టళ్లలో పెరిగిన పిల్లలను తరవాత ఇంజనీరింగ్ కాలేజీలో చూశాను. మొదటి సెమిస్టరులో ఎంతోమంది తెలివైన పిల్లలు తెల్లబోయి నిలబడతారు. లేపేవాళ్లు లేరు, ముఖ్యమైన ప్రశ్నలకు టిక్కులు పెట్టేవాళ్లు లేరు. రెండేళ్లపాటు రోజుకు పన్నెండు గంటలు చదివిన పిల్లకు ఈ గంటలో ఏం చదవాలో తేల్చుకోవడం తెలియదు. ఆ పిల్ల బద్ధకస్తురాలు కాదు. అన్నాళ్లూ ఆ పని ఆమె తరఫున ఇంకెవరో చేశారు. దీన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధేస్తుంది.

అయితే రేపట్నుంచి పిల్లలను వాళ్ల ఇష్టానికి వదిలేస్తే సరిపోతుందా? సరిపోదు. మార్గదర్శనం లేకుండా వదిలేసి మీరే కనుక్కోండి అనే బోధన కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎందుకు పనికిరాదో వివరిస్తూ పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ 2006లో గట్టి వ్యాసం రాశారు. మనసు ఒక్క క్షణంలో పట్టి ఉంచగలిగింది చాలా కొద్ది. ఆధారమేమీ లేని పిల్లకు వెతుకులాటతోనే ఆ కొద్ది చోటూ నిండిపోతుంది, నేర్చుకోవడానికి జాగా మిగలదు. కొత్త రకం లెక్కకు ముందు చేసి చూపించిన రెండు మూడు లెక్కలు కావాలి. అది పిల్లల స్వేచ్ఛను హరించడం కాదు.

శ్లాబు వేసేటప్పుడు సెంట్రింగు కొట్టడం అందరం చూసిందే. మర్నాడే తీసేస్తే శ్లాబు కూలుతుంది. ఎన్నేళ్లయినా తీయకపోతే దాని కింద ఎవరూ కాపురం ఉండలేరు. డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో రాసిన పేపరులో ఇలాంటి పోలికే వాడారు. మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు 30 మంది 21 చెక్కముక్కలతో పిరమిడ్ కడుతుంటే పక్కనున్న పెద్దమనిషి ఎప్పుడు చెయ్యేయాలి, ఎప్పుడు తీయాలి అని వాళ్లు గమనించారు. పిల్లలు చేయగలిగింది వాళ్లకే వదిలి, చేయలేని ముక్క వరకే సాయం చేయడం అందులోని కిటుకు. పదిహేనేళ్ల పిల్లలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్న ఐదేళ్లలో ఒక్కొక్క మేకే ఊడదీస్తూ రావాలి. మన బడుల్లో జరిగేది దీనికి తలకిందులు. ఆరులో కాస్త ఊపిరాడనిచ్చి పదికి వచ్చేసరికి సెంట్రింగు రెట్టింపు చేస్తాం.

నేను మొదట ఊడదీసిన మేకు చాలా చిన్నది. స్లిప్ టెస్టు రాయడానికి ముందు కాగితం మూలన, పదికి ఎన్ని వస్తాయనుకుంటున్నారో ఒక అంకె వేయమన్నాను. పేపరు దిద్దాక నా అంకె దాని పక్కన వేసేవాణ్ణి. రెండింటి తేడాను వాళ్లు ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. ఆ తేడా తగ్గించడమే పందెం, మార్కులు పెంచడం కాదు. మొదటి నెలలో మూలన తొమ్మిదులూ పదులే, నేను వేసేవి నాలుగులూ ఐదులూ. బాగా చదివే ఆడపిల్లలు ఇద్దరు మాత్రం ఐదు వేసుకుని తొమ్మిది తెచ్చుకునేవాళ్లు. వాళ్ల కష్టం నాకు అప్పటిదాకా తెలియనే లేదు. వచ్చినది వచ్చిందని నమ్మలేక రాత్రుళ్లు అదే పాఠం మళ్లీ మళ్లీ చదివేవాళ్లు. తక్కువ అంచనా కూడా పిల్లల కాలాన్ని తినేస్తుంది.

ఆ అంచనా ఎప్పుడు వేయాలన్నదానికీ ఒక సంగతి ఉంది. థామస్ నెల్సన్, జాన్ డన్‌లోస్కీ 1991లో చూపించారు. ఒక జత పదాలు చదివిన వెంటనే ‘ఇది గుర్తుంటుందా’ అని అడిగితే జనం వేసే అంచనా పేలవంగా ఉంటుంది. కాసేపు ఆగి అడిగితే ఆశ్చర్యంగా సరిపోతుంది. చదివిన మరుక్షణం ఆ మాట ఇంకా నాలుక మీదే ఉంటుంది కాబట్టి పిలవకుండానే పలుకుతుంది. అందుకే చదివిన గంటలోనే ‘వచ్చేసింది’ అనేవాళ్లకు నేను ‘రేపు పొద్దున ప్రేయర్‌కు ముందు చెప్పు’ అంటాను. రాత్రి గడిచాక వాళ్లు చెప్పే మాటను నమ్మొచ్చు.

లెక్కల్లో మాయ మరో రూపంలో ఉంటుంది. వర్గ సమీకరణాల అధ్యాయంలో అభ్యాసం చేసే పిల్లకు ప్రతి లెక్కా వర్గ సమీకరణమేనని ముందే తెలుసు. ఏ సూత్రం వాడాలో అధ్యాయం పేరే చెప్పేస్తుంది. పబ్లిక్ పరీక్షలో లెక్క పక్కన అధ్యాయం పేరు ఉండదు. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. ఒక జట్టు ఒక్కో రకం లెక్కలన్నీ వరసగా చేసింది, రెండో జట్టు కలగాపులగంగా చేసింది. అభ్యాసం చేసేటప్పుడు వరస జట్టుకు 89 శాతం సరిపోయాయి, కలిపిన జట్టుకు 60. వారం తరవాత వరస జట్టు 20 శాతానికి పడిపోయింది, కలిపిన జట్టు 63 దగ్గర నిలిచింది. ఆదివారం పూట నాలుగు అధ్యాయాల నుంచి లెక్కలు చీటీల మీద రాసి, డబ్బాలో వేసి, కళ్లు మూసుకుని తీయమని పిల్లలకు చెప్పాను. ఆ డబ్బాను ఎలా నింపాలన్నది వాళ్లే తేల్చుకోవాలి. రాని రకం చీటీలు ఎక్కువ వేసుకున్న పిల్లలు స్వయంగా నేర్చుకోవడం మొదలుపెట్టినట్టే అని నాకు అర్థమయ్యేది.

పిల్లలు తమ చోటు తాము ఎరగడం పెద్ద తరగతుల వాళ్లకే సాధ్యమని అనుకోనక్కర్లేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో నడిచిన చిన్న బడుల్లో ప్రాథమిక తరగతుల పిల్లలే ఆ పని చేశారు. గోడ మీద పాఠాల నిచ్చెన ఉంటుంది. తాను ఏ మెట్టు మీద ఉందో పిల్లే చూసుకుని, దానికి సరిపడే కార్డు తీసుకుని పనిలో పడుతుంది. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉన్నా ఎవరి మెట్టు వాళ్లది. ఆ పద్ధతి తరవాత తమిళనాడు ప్రభుత్వ బడుల్లోకీ వెళ్లింది. ఏడేళ్లకు తన మెట్టు తాను చూసుకున్న పిల్లకు పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ పనిని మనం లాగేసుకోవడం ఏ విధంగా న్యాయం?

ఇంట్లో వాళ్ల గురించి కూడా చెప్పాలి. ‘మాకు చదువు రాదు మాస్టారూ, మేమేం చెప్పగలం’ అని తల్లులు అంటుంటారు. పాఠం చెప్పడానికి చదువు కావాలి. పాఠం వినడానికి అక్కర్లేదు. పుస్తకం మూసి తన ఒడిలో పెట్టుకుని, ‘ఇవాళ బళ్లో ఏం చెప్పార్రా, నాకర్థమయ్యేలా చెప్పు’ అని అడిగే తల్లి ఆ తెల్ల కాగితం చేసే పనే చేస్తుంది. పిల్లాడు మధ్యలో నీళ్లు నమిలితే ఆమెకు తెలుస్తుంది, వాడికీ తెలుస్తుంది. అప్పుడు పుస్తకం వాడి చేతికిస్తే చాలు, వెతుక్కోవడం వాడి పని. మార్కులకు పందేలు కట్టి సైకిళ్లు, ఫోన్లు ఇవ్వజూపే నాన్నలకు నేను చెప్పేది ఒకటే. 1973లో మార్క్ లెపర్ బృందం బొమ్మలు వేయడం ఇష్టమున్న చిన్నపిల్లలకు, బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి, ఇచ్చింది. కొన్నాళ్లకు చూస్తే ఆ పిల్లలు బొమ్మల దగ్గర గడిపే సమయం మిగతా పిల్లలతో పోలిస్తే సగానికి పడిపోయింది. తనదైన పనికి కూలి కట్టేసరికి అది తనది కాకుండా పోయింది.

చెట్టు కింద పుల్ల పట్టుకుని ఆగిపోయిన కుర్రాడు ఆ ఏడాదంతా మూలన అంకెలు వేస్తూనే వచ్చాడు. నవంబరుదాకా వాడి అంచనా నా అంకెకు మూడు నాలుగు మార్కుల దూరంలోనే ఉండేది. ఫిబ్రవరిలో ఒక ఉదయం, ప్రేయర్ బెల్లు ఇంకా కొట్టలేదు, స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో నలిగిన కాగితం ఉంది. ‘సార్, కుంభాకార కటకం ఆరు పటాలూ చూడకుండా గీశాను, వచ్చాయి. పుటాకార కటకం దగ్గర రాలేదు. కిరణం వంగాక వెనక్కి చుక్కల గీత ఎందుకు గీస్తామో నాకు తెలియడం లేదు. గీత మాత్రం గీసేస్తున్నాను’ అన్నాడు.

కుర్చీ జరిపి కూర్చోమన్నాను.